ఉలిపికట్టె నియోజకవర్గం



"నాన్నా, ఎక్కడైనా తిరుగు గానీ, మెయిన్ స్ట్రీటూ హేస్టింగ్సూ కలిసే మూలలో మాత్రం బస్సు దిగకు." 2025 ఏప్రిల్‌లో కెనడా వెళ్ళినప్పుడు మా అమ్మాయి నాకు చెప్పిన జాగ్రత్త ఇది. వాళ్ళుండేది బర్నబీలో. వాంకూవర్‌ను ఒరుసుకుని ఉన్న ఊరు. రెండూళ్ళకూ మధ్యనున్న రోడ్డు పేరే బౌండరీ రోడ్డు. వద్దన్న చోటికే కాళ్ళు లాగడం వయసుతో పోయే జబ్బు కాదు కదా! మర్నాడు పొద్దున్నే హేస్టింగ్స్ వీధి వెంట నడిచే ఆర్5 బస్సెక్కి, సరిగ్గా ఆ మూలలోనే దిగాను.

దిగడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను ఎలక్షన్ డ్యూటీలు చేసినవాణ్ణి. బ్యాలెట్ పెట్టెలకు లక్క సీళ్ళు వేసిన కాలం నుంచి మిషన్లు మోసుకెళ్ళిన కాలం దాకా చూశాను. నేను వెళ్ళేసరికి అక్కడ పార్లమెంటు ఎన్నికల ప్రచారం మంచి ఊపులో ఉంది. ఊపు అంటే మైకులూ, జీపులూ, ఫ్లెక్సీలూ కావు. ఇళ్ళ ముందు పచ్చికలో నాటిన చిన్న చిన్న బోర్డులు. లిబరల్ పార్టీవి ఎరుపు, కన్సర్వేటివులవి నీలం, న్యూ డెమోక్రటిక్ పార్టీవి నారింజ. అక్కడివాళ్ళు దాన్ని ఎన్.డి.పి. అంటారు. బస్సు బౌండరీ రోడ్డు దాటి పడమటికి వెళుతుంటే, గులాబీ రంగు చెర్రీ పూలు రాలిన పచ్చికల మీద నారింజ బోర్డులు చిక్కబడుతూ వచ్చాయి. ఆ బోర్డులు చిక్కబడిన చోటే వాంకూవర్ ఈస్ట్ నియోజకవర్గం. ఇవాళ నేను చెప్పబోయేది దాని కథే.

ముందు ఒక మాట. కెనడా వాళ్ళు నియోజకవర్గాన్ని రైడింగ్ అంటారు. గుర్రపుస్వారీకీ దానికీ సంబంధం లేదు. మూడో వంతు అనే అర్థమున్న పాత స్కాండినేవియా మాట, ఇంగ్లండులో యార్క్‌షైర్ దగ్గర అరిగి అరిగి అలా తయారైంది. పదేళ్ళకోసారి జనాభా లెక్కలయ్యాక ఒక్కో రాష్ట్రానికీ ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుని ఈ రైడింగుల హద్దులు మళ్ళీ గీస్తుంది. అధ్యక్షత సాధారణంగా ఒక జడ్జిది. 2025 ఎన్నికల నాటికి ఇవి దేశమంతటా 343. మన దగ్గర ఒక్క లోక్‌సభ నియోజకవర్గంలో ఓటర్లే 15 లక్షల పైచిలుకు. వాంకూవర్ ఈస్ట్‌లో పిల్లా పెద్దా అంతా కలిపితే లక్షా పదివేలు దాటుతారు. మన అసెంబ్లీ నియోజకవర్గంలో సగం. ఉత్తరాన బర్రార్డ్ ఇన్లెట్ అనే సముద్రపు పాయ, దాని ఒడ్డున రేవులు, కంటెయినర్ల గుట్టలు. తూర్పున బౌండరీ రోడ్డు. దక్షిణాన వాంకూవర్ కింగ్స్‌వే అనే మరో నియోజకవర్గం. పడమర చివర చైనాటౌనూ, డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ అనే పేటా. మా అమ్మాయి దిగొద్దన్నది అక్కడే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ నియోజకవర్గం 1935లో మొదటిసారి ఓటేసింది. అప్పటి నుంచి 2025 దాకా తొంభై ఏళ్ళు. ఈ తొంభై ఏళ్ళలో ఇక్కడి ఎంపీ అధికార పక్షంలో కూర్చున్నది ఎన్నేళ్ళో తెలుసా? తొమ్మిదేళ్ళు కూడా నిండవు. 1974లో గెలిచిన ఆర్ట్ లీ ఒకరు, 1993లో గెలిచిన అన్నా టెరానా ఒకరు. ఇద్దరూ లిబరల్స్, ఇద్దరూ ఒక్కోసారే. మిగతా ఎనభై ఏళ్ళ పైమాటా ఈ సీటు ప్రతిపక్షానిదే. ప్రతిపక్షమంటే రేపో మాపో గద్దెనెక్కే పార్టీ కూడా కాదు. కేంద్రంలో ఒక్కసారైనా ప్రభుత్వం ఏర్పరచని పార్టీ. మొదట సి.సి.ఎఫ్., 1961 నుంచి ఎన్.డి.పి.

అధికార పక్షం మనిషి అయితేనే రోడ్డు పడుతుంది, పింఛను వస్తుంది అనుకునే ఊళ్ళలో పుట్టి పెరిగినవాణ్ణి నేను. నియోజకవర్గ అభివృద్ధి కోసమే పార్టీ మారుతున్నానని చెప్పిన ఎమ్మెల్యేల్ని వేళ్ళ మీద లెక్కపెట్టలేం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని సామెత. తొంభై ఏళ్ళుగా ఉలిపికట్టె దారినే పోయిన ఊరు ఏం బావుకుంది? బస్సులో నా బుర్రను తొలిచిన ప్రశ్న ఇదే.

దిగాను. అమ్మాయి భయం ఉత్తిది కాదు. పేవ్‌మెంటు మీద గుడ్డలు పరిచి పాత చార్జర్లు, ఒంటి బూట్లు, సగం వాడిన షాంపూ సీసాలు అమ్ముతున్నారు. నడి వయసు మనిషి ఒకడు నిలబడే నడుం దగ్గర రెండుగా మడతపడి ఉన్నాడు. చేతులు నేలను తాకుతున్నాయి. పడడు, లేవడు. ఫెంటనిల్ అనే మందు మనిషిని అలా వంచేస్తుందట. పక్కనే పోతున్న ముసలావిడ ఆగి, అతని ముఖంలోకి తొంగి చూసి, ఊపిరి ఆడుతోందని తేల్చుకుని తన దారిన తాను వెళ్ళింది. ఆ ఆగడం నేను మరచిపోలేను. మన వీధిలో ఎవరైనా తూలిపడితే మనం ఏ పక్కకు తప్పుకుంటామో నాకు తెలుసు.

ఆ మూలలోనే గుమ్మటమున్న పాత కట్టడం ఒకటి ఉంది. 1903లో గ్రంథాలయంగా తెరిచారు. అమెరికా ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ 50,000 డాలర్లిచ్చాడు. లోపల చలవరాతి మెట్లు మెలితిరుగుతూ పైకి పోతాయి. కిటికీల రంగుటద్దాల్లో షేక్‌స్పియర్, మిల్టన్. వాళ్ళ కిందుగా తడిసిన కోట్లతో, గోనె సంచుల్లాంటి మూటలతో జనం ఎక్కుతూ దిగుతూ ఉంటారు. ఒక పక్క చదరంగం, ఇంకో పక్క చైనా పేపరు చదువుకుంటున్న తాతలు. ఎవరు మీరు, ఎందుకొచ్చారు అని నన్నెవరూ అడగలేదు.

1935 మే నెలలో ఈ కట్టడం పై అంతస్తులో నగర మ్యూజియం ఉండేది. దేశంలో భయంకరమైన మాంద్యం. పనిలేని కుర్రాళ్ళను ప్రభుత్వం అడవుల్లో శిబిరాల్లో పెట్టి రోజుకు 20 సెంట్లిచ్చేది. వాళ్ళు సమ్మె కట్టి నగరంలోకి వచ్చారు. మే 18న కొన్ని వందలమంది మ్యూజియం మేడెక్కి కూర్చున్నారు. కింద పోలీసులు, చుట్టూ జనం. మేడ మీది నుంచి తాళ్ళు వదిలితే, వీధిలోని జనం బుట్టల్లో రొట్టెలు పెట్టి కట్టారు, పైవాళ్ళు చేదుకున్నారు. బావిలోంచి నీళ్ళు తోడినట్టు వీధిలోంచి అన్నం తోడుకున్నారు. చివరికి నగరం వాళ్ళకు కొన్నాళ్ళకు సరిపడా భోజనం డబ్బులిచ్చి దింపింది. ఆ కుర్రాళ్ళే జూన్‌లో గూడ్సు బండ్ల పైకప్పులెక్కి రాజధాని ఒటావా మీదికి బయల్దేరారు. రెజైనా దగ్గర వాళ్ళను ఆపేశారు, జూలై 1న రక్తం కారింది. అక్టోబరు 14న ఎన్నికలొచ్చాయి. ప్రధాని బెన్నెట్ పార్టీ చిత్తుగా ఓడిపోయింది. వాంకూవర్ ఈస్ట్ అనే పేరుతో జనం ఓటేసింది ఆరోజే మొదటిసారి. గెలిచింది సి.సి.ఎఫ్. మనిషి ఆంగస్ మెక్‌ఇనిస్. ఒకప్పుడు ట్రామ్ కార్మికుడు.

ఆ ఎన్నికల్లో ఎదుటి పార్టీలు సి.సి.ఎఫ్. మీద వేసిన అతిపెద్ద నింద ఏమిటంటే, వీళ్ళను గెలిపిస్తే చైనా, జపాను వాళ్ళకు ఓటు హక్కు ఇచ్చేస్తారని. అది నింద! ఎందుకంటే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో ఆసియా జాతులకు ఓటు లేదు. మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళకు కూడా 1907లో తీసేశారు. రాష్ట్రంలో జాతి కారణంగా ఓటు లేనివాడికి పార్లమెంటు ఎన్నికల్లోనూ లేదు. ఈ నియోజకవర్గంలో చైనాటౌన్ ఉంది, పావెల్ వీధిలో జపాన్‌టౌన్ ఉంది. అంటే తొలి ఎంపీని ఎన్నుకున్న రోజున ఈ ప్రాంతంలో వేలమంది కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయినవాళ్ళే.

మెక్‌ఇనిస్ ఆ నిందను తుడుచుకోవడానికి పాకులాడలేదు. పార్లమెంటులో వాళ్ళకు ఓటివ్వాలనే అడిగాడు. 1936లో జపాను సంతతి యువతీయువకులు నలుగురు ఒటావా వెళ్ళి పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. మేం ఇక్కడే పుట్టాం, ఇక్కడే చదివాం, ఓటు ఎందుకివ్వరని. ఇవ్వలేదు. ఆ నలుగురిలో వాంకూవర్‌లో పుట్టిన హయకావా ఒకరు. ఆయన అప్పటికే సరిహద్దు దాటి అమెరికాలో ఉంటున్నాడు. నలభై ఏళ్ళకు కాలిఫోర్నియా నుంచి అమెరికా సెనేటర్ అయ్యాడు. పుట్టిన ఊళ్ళో ఓటుకు పనికిరానివాడు పక్క దేశంలో చట్టాలు చేశాడు.

జపాను వాళ్ళ సంగతి ఇంకా చెడ్డది. బస్సులో వస్తున్నప్పుడు హేస్టింగ్స్ పార్కు కనిపిస్తుంది. వేసవి చివర అక్కడ పెద్ద తిరనాళ్ళలాంటి ఎగ్జిబిషన్ జరుగుతుంది. పశువుల ప్రదర్శనకు కట్టిన షెడ్లున్నాయి. 1942లో యుద్ధం పేరు చెప్పి పశ్చిమ తీరంలోని దాదాపు 22,000 మంది జపాను సంతతివాళ్ళను ఇళ్ళలోంచి లేపారు. వాళ్ళలో వేలమందిని మొదట ఉంచింది ఆ పశువుల కొట్టాల్లోనే. పేడ కడిగి మంచాలేశారు. అక్కణ్ణించి కొండల్లోకి పంపారు. పడవలు, ఇళ్ళు, దుకాణాలు వాళ్ళ ఒప్పుకోలు లేకుండానే అమ్మేశారు. అప్పుడు మెక్‌ఇనిస్ పార్టీ కూడా ఆ తరలింపుకు అడ్డం పడలేదన్నది దాచకూడని నిజం. ఆ తర్వాత వాళ్ళను జపానుకే తరిమేయాలన్న మాట వచ్చినప్పుడు మాత్రం ఆయన అడ్డం నిలిచాడు. పావెల్ వీధి మైదానంలో అసాహీ అని జపాను కుర్రాళ్ళ బేస్‌బాల్ జట్టు ఉండేది. ఎత్తరులు కాకపోయినా పరుగుతో, ఒడుపుతో తెల్ల జట్ల మీద గెలిచేవాళ్ళు. 1941 తర్వాత ఆ జట్టు మళ్ళీ కూడలేదు. చైనా, భారత సంతతివాళ్ళకు ఓటు 1947లో వచ్చింది, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే. జపాను వాళ్ళకు 1949 దాకా రాలేదు. క్షమాపణ 1988లో వచ్చింది, బతికున్న ఒక్కొక్కరికీ 21,000 డాలర్లతో.

మెక్‌ఇనిస్ తర్వాత హెరాల్డ్ వించ్ అనే ఎలక్ట్రీషియన్ 1953 నుంచి దాదాపు ఇరవై ఏళ్ళు ఎంపీ. ఆయన కాలం చివర్లో నగరం ఈ పేటల మీదుగా పెద్ద ఫ్రీవే వేద్దామనుకుంది. స్ట్రాత్‌కోనా పేటలోని చైనా కుటుంబాలు 1968లో సంఘం పెట్టుకుని ఎదురుతిరిగాయి, ఫ్రీవే ఆగిపోయింది. దానికి ముక్కలా రెండు వంతెనలు మాత్రం కట్టారు. వాటి కింద నల్లవాళ్ళ పేట హోగన్స్ ఆలీ నలిగిపోయింది. గిటార్ వీరుడు జిమీ హెండ్రిక్స్ నాయనమ్మ కాపురమున్న చోటది.

ఇక మనకు కాస్త దగ్గరి కథ. రేవు పక్కన ఎర్ర ఇటుకల పెద్ద ఫ్యాక్టరీ ఒకటి ఉంది. రోజర్స్ చక్కెర మిల్లు. 1890లో పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. కెనడా పశ్చిమాన ఏ ఇంట్లో కాఫీ కలిపినా ఆ పంచదారే. చెరకు అక్కడ పండదు. ముడి చక్కెర ఓడల్లో రావలసిందే. ఈ కంపెనీ 1905లో ఫిజీ దీవుల్లో నావువా దగ్గర చెరకు తోటలూ మిల్లూ కొంది. ఫిజీ తోటల్లో కొడవలి పట్టింది ఎవరు? గిర్మిటియాలు. అయిదేళ్ళ ఒప్పందం మీద వేలిముద్ర వేయించి మన దేశం నుంచి ఓడలెక్కించిన కూలీలు. 1903 నుంచి మద్రాసు రేవులోనూ ఆ ఓడలు ఎక్కారు. మన ఉత్తరాంధ్ర నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వెళ్ళినవాళ్ళున్నారు వాటిలో. వాళ్ళ పిల్లలూ మనవలూ 1941లో ఫిజీలో ఆంధ్ర సంఘం పెట్టుకుని తెలుగు బడులు నడిపారు. 1987లో ఫిజీలో సైన్యం తిరగబడి భారత సంతతివాళ్ళ మద్దతుతో వచ్చిన ప్రభుత్వాన్ని కూల్చేశాక చాలామంది మళ్ళీ మూటలు కట్టారు. వాళ్ళలో వేలమంది చేరింది ఎక్కడికి? వాంకూవర్ చుట్టుపక్కలకే. తాతలు కొట్టిన చెరకు ఏ రేవుకు పోయిందో మనవలు ఆ రేవుకు వచ్చారు. మా అమ్మాయి ఇంటి దగ్గరి కూరగాయల కొట్టు ఫిజీ ఆయనదే. పేరు చివర నాయుడు. తెలుగు రాదు. చింతచిగురు చూపించి ఇదేమిటన్నానో లేదో, తమ ఇంటి మాటేదో అన్నాడు. చిగురు అన్నట్టే వినిపించింది నాకు.

ఆ మిల్లు కార్మికులు 2023 సెప్టెంబరులో సమ్మెకు దిగి నాలుగు నెలలు గేటు దగ్గరే ఉన్నారు. పశ్చిమ కెనడాలో క్రిస్మస్ మిఠాయిలు చేసుకునేవాళ్ళకు పంచదార దొరకలేదు. ఈ నియోజకవర్గం మూడ్ ఏమిటో అలాంటప్పుడు తెలుస్తుంది.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. ప్రతిపక్షంలో కూర్చున్న మనిషిని పంపి ఏం బావుకున్నారు? 1979లో ఇక్కడి నుంచి మార్గరెట్ మిచెల్ గెలిచింది. పేటల్లో తిరిగి పనిచేసిన సమాజ సేవకురాలు. 1982 మే 12న ఆమె సభలో లేచి, దేశంలో పదిమంది మొగుళ్ళలో ఒకడు పెళ్ళాన్ని కొడుతున్నాడని పార్లమెంటు కమిటీ నివేదిక చెబుతోంది, ప్రభుత్వం ఏం చేస్తుంది అని అడిగింది. సభలో మగవాళ్ళు గొల్లున నవ్వారు. ఎవరో వెటకారమూ ఆడారు. ఆమె ఆగి, ఇది నవ్వే సంగతి కాదు అని స్పీకరుకు చెప్పింది. అంతే. మర్నాటికల్లా ఆ నవ్వు దేశమంతా పాకింది. ఆడవాళ్ళు లేచారు. ఆ తర్వాతే దెబ్బలు తిన్న భార్యల సంగతి ఇంటి గొడవ కాదు, నేరం అన్న మాట ప్రభుత్వం నోట, పోలీసు నోట స్థిరపడింది. ఆమె మంత్రి కాదు, బిల్లు పెట్టలేదు. ప్రశ్న అడిగింది, నవ్వించుకుంది. ఆ నవ్వే పని చేసి పెట్టింది.

రెండేళ్ళకు ఆమె ఆఫీసుకు ఒక చైనా పెద్దాయన వచ్చాడు. చేతిలో పాత రసీదు. చైనా నుంచి వచ్చేవాళ్ళ మీద కెనడా తలపన్ను వేసేది. 1885లో 50 డాలర్లు, 1903 నాటికి 500. అప్పట్లో అది కూలివాడికి రెండేళ్ళ సంపాదన. మరే దేశం వాళ్ళకూ ఆ పన్ను లేదు. 1923లో అది తీసేసి, అసలు రానివ్వడమే మానేశారు. పెద్దాయన అడిగింది ఒక్కటే. ఆ 500 తిరిగి ఇప్పించమ్మా అని. మిచెల్ 1984లో ఆ మాట సభలో పెట్టింది. ఆ కబురు పొక్కగానే దేశం నలుమూలల నుంచి ట్రంకుపెట్టెల అడుగున దాచిన రసీదులు బయటికొచ్చాయి, వేల లెక్కన. ప్రభుత్వాలు ఒకదాని తర్వాత ఒకటి కుదరదన్నాయి. 2006 జూన్ 22న ప్రధాని హార్పర్ సభలో క్షమాపణ చెప్పాడు. బతికున్న పన్నుదారులకు, చనిపోయిన పన్నుదారుల భార్యలకు తలా 20,000 డాలర్లిచ్చారు. అప్పటికి బతికున్న పన్నుదారులు కొద్దిమందే. ఇరవై రెండేళ్ళు పట్టింది. ప్రతిపక్షం పని అలాగే ఉంటుంది, నిదానంగా.

అందరికంటే పెద్ద పోట్లాట లిబ్బీ డేవిస్‌ది. 1970లలో డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ లాడ్జీల్లో అద్దెకున్న ముసలివాళ్ళతో, కూలీలతో సంఘం పెట్టిన అమ్మాయి. ఖాళీగా పడున్న ఆ కార్నెగీ కట్టడాన్ని పేటవాళ్ళకే ఇవ్వాలని పోరాడి 1980లో తెరిపించినవాళ్ళలో ఆమె ఒకతె. 1997లో ఎంపీ అయ్యింది. ఆ వేసవిలోనే ఓపెన్‌హైమర్ పార్కులో, ఒకప్పుడు అసాహీ కుర్రాళ్ళు బేస్‌బాల్ ఆడిన మైదానంలో, జనం వెయ్యి చెక్క సిలువలు పాతారు. మత్తుమందు ఎక్కువై చచ్చిపోయినవాళ్ళకు గుర్తుగా. వాళ్ళూ ఆమే అడిగింది వినడానికి వింతగా ఉంటుంది. సూది గుచ్చుకునేవాడికి సందులో చచ్చే గతి లేకుండా, నర్సు కళ్ళ ముందు గుచ్చుకునే గది ఒకటి కావాలని.

నాకూ మొదట మింగుడు పడలేదు. పన్నుల డబ్బుతో మత్తుకు ఏర్పాట్లా అనిపించింది. కార్నెగీ కట్టడానికి నాలుగడుగుల దూరంలోనే ఉంది ఆ గది. పేరు ఇన్‌సైట్. 2003 సెప్టెంబరులో తెరిచారు. ఉత్తర అమెరికాలో చట్టప్రకారం తెరిచిన మొదటిది అదే. మందు వాళ్ళివ్వరు, తెచ్చుకున్నవాడిదే. వాళ్ళిచ్చేది శుభ్రమైన సూది, అద్దమున్న ఒక చిన్న అర, ఊపిరి ఆగిపోతే పరుగెత్తుకొచ్చే నర్సు. మానేస్తానన్నవాడికి పై అంతస్తులో పడక. కొత్త ప్రభుత్వం వచ్చి దాన్ని మూసేద్దామంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2011 సెప్టెంబరు 30న తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా, మూయడానికి వీల్లేదు అన్నారు. మూస్తే చావులొస్తాయి, అది జీవించే హక్కుకు విరుద్ధం అన్నారు. అక్కడ లక్షలసార్లు సూదులు గుచ్చుకున్నారు. ఆ గదిలో మత్తు ఎక్కువై చనిపోయినవాడు లేడు. నా అభ్యంతరం ఈ ఒక్క సంగతి దగ్గర ఆగిపోయింది.

అలాగని అంతా బాగుపడిందని చెబితే అబద్ధమవుతుంది. ఫెంటనిల్ వచ్చాక చావులు ఇంకా పెరిగాయి. 2016లో రాష్ట్రం ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది. కొద్దిపాటి మందు దగ్గరుంటే కేసు పెట్టకూడదని 2023లో మొదలుపెట్టిన పద్ధతిని 2024లోనే బహిరంగ స్థలాల వరకు వెనక్కి తీసుకుంది. నేను చూసిన మడతపడిన మనిషి ఈ లెక్కలన్నింటి తర్వాతి మనిషే. ఏటా ఫిబ్రవరి 14న ఆ మూల నుంచే ఆడవాళ్ళ ఊరేగింపు ఒకటి బయల్దేరుతుంది. ఈ పేటలో మాయమైన, హతమైన ఆడవాళ్ళ పేర్లు చదువుతారు. వాళ్ళలో చాలామంది అక్కడి ఆదివాసీలు. పోలీసులు ఎందుకు పట్టించుకోలేదో తేల్చడానికి వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు వాలీ ఒప్పల్ అనే భారత సంతతి మాజీ జడ్జి. 2012లో నివేదిక ఇచ్చాడు. ఆ ఊరేగింపు మాత్రం ఆగలేదు.

పోలింగు రోజు సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మాయి ఓటు బర్నబీలో. తోడు వెళ్ళాను. బడి వ్యాయామశాలలో నాలుగు బల్లలు, అట్ట అడ్డుతెరలు. వేలికి సిరా లేదు, మిషను లేదు. కాగితం మీద పెన్సిలుతో ఇంటూ గుర్తు, మడిచి డబ్బాలో వేయడం. లెక్క చేత్తోనే. డ్యూటీ చేసిన కళ్ళకు పాత చుట్టం కనిపించినట్టయింది. అంతకు రెండు రోజుల ముందే వాంకూవర్‌లో ఫిలిప్పీన్స్ వాళ్ళ పండుగ జాతరలోకి ఒకడు కారు తోలి పదకొండుమందిని చంపాడు. క్యూలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు.

నన్ను ఆపింది గోడ మీది నోటీసు. ఓటరు చిరునామాకు రుజువుగా ఏమేం చెల్లుతాయో రాసి ఉంది. అందులో, నీడలేని వాళ్ళకు రాత్రి పడక ఇచ్చే ఆశ్రయం గానీ ఉచిత భోజనం పెట్టే సత్రం గానీ రాసిచ్చే ఉత్తరం ఒకటి. అంటే రోజూ ఏ సత్రంలో గంజి తాగుతాడో అదే అతని చిరునామా. ఇల్లు లేకపోయినా ఓటుంది. మన దగ్గర డోర్ నంబరు తేడా వచ్చిందని నేనే ఎంతమందిని వెనక్కి పంపానో గుర్తొచ్చింది. ఈ నిబంధన దేశమంతటికీ ఉన్నదే. దాని విలువ తెలిసేది మాత్రం మెయిన్, హేస్టింగ్స్ మూలలో.

ఆ రాత్రి ఎన్.డి.పి. కుప్పకూలింది. అమెరికా అధ్యక్షుడి బెదిరింపులకు జడిసిన జనం లిబరల్స్ వెనక చేరారు. 343లో ఎన్.డి.పి.కి మిగిలినవి 7. పార్టీ నాయకుడు జగ్మీత్ సింగ్ బర్నబీలో తానే ఓడిపోయాడు. సభలో పార్టీగా గుర్తింపు ఉండాలంటే 12 సీట్లు కావాలి. అది కూడా పోయింది. ఆ ఏడుగురిలో వాంకూవర్ ఈస్ట్ ఎంపీ జెన్నీ క్వాన్ ఒకరు. హాంగ్‌కాంగ్‌లో పుట్టి తొమ్మిదేళ్ళప్పుడు వచ్చిన మనిషి. ఇలాంటిది ఆమెకు కొత్త కాదు. 2001లో రాష్ట్ర అసెంబ్లీలో 79 సీట్లకు ఆ పార్టీకి మిగిలినవి రెండే. రెండూ ఈ తూర్పు వాంకూవర్‌వే. ఆ ఇద్దరిలోనూ ఆమె ఉంది.

వినేవాళ్ళలో ఆ వైపు పిల్లలున్నవాళ్ళు ఉంటారు. ఈసారి వెళ్ళినప్పుడు మిమ్మల్ని స్టాన్లీ పార్కుకూ, తూగే వంతెనకూ తిప్పుతారు, తిరగండి. ఒక పొద్దున మాత్రం ఆర్5 బస్సెక్కి మెయిన్ స్ట్రీట్ దగ్గర దిగి, గుమ్మటమున్న ఆ కట్టడంలోకి వెళ్ళి, మెలిమెట్లెక్కి కాసేపు కూర్చుని రండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. పిల్లలకు చెప్పకండి, వద్దంటారు.